బండి ఆపాకే ఊరు మొదలవుతుంది

ఆర్వీలో, అంటే మంచం, వంటిల్లు అన్నీ ఉన్న ఇల్లు లాంటి బండిలో, తిరిగే రిటైరైన వాళ్ళకు 3-3-3 సూత్రం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రోజుకు 300 మైళ్ళకు మించి నడపకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా క్యాంప్‌గ్రౌండ్ చేరిపోవాలి, చేరిన చోట కనీసం 3 రాత్రులు ఉండాలి. మొదటి రెండింటితో నాకు ఏ తగాదా లేదు. చీకటి పడ్డాక, వానలో, తెలియని పార్కులో, ముప్ఫై అడుగుల బండిని రివర్స్‌లో పెట్టడం ఎంత టెన్షనో పెట్టినవాళ్ళకే తెలుసు. నా పేచీ అంతా మూడో మూడుతోనే.

ఈమధ్య మా పక్క సైట్‌లో ఒక తెలుగు జంట దిగారు. మాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళ బండి తలుపు పక్కన అమెరికా మ్యాప్ స్టిక్కర్ ఉంది. వెళ్ళిన స్టేట్‌కల్లా ఆ ఆకారంలో ఉన్న రంగు ముక్క అతికించుకుంటూ పోతారు కదా, అదే. ఆవిడ ఎంతో ముచ్చటగా ఒక్కో ముక్క మీద వేలు పెట్టి చెబుతూ లూసియానా దగ్గరికి వచ్చేసరికి, "న్యూ ఆర్లీన్స్ ఒక రోజు చూశామండీ. రద్దీ, గోల, చెత్త. ఊళ్ళు చూడ్డానికి విమానంలో వెళ్ళొచ్చు, ఆర్వీ ఉన్నది అడవుల కోసం కదా!" అన్నారు.

ఈ మాట చాలామంది అనగా విన్నాను. మా ఇంట్లోనూ వింటాను, మా ఆయన అభిప్రాయం దాదాపు ఇదే. ఆవిడతో ఆ సాయంత్రం వాదించలేదు, కొత్త పరిచయం. కానీ ఆ రాత్రి నుంచి మనసులో నడుస్తున్న జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్దేశంలో, రిటైరయ్యాక ఆర్వీ ఇచ్చే గొప్ప సౌకర్యం ఒక పెద్ద ఊరి పక్కన కొన్ని వారాల పాటు కాపురం పెట్టగలగడం. మన వంటిల్లు, మన మంచం, మన మందుల డబ్బా పక్కనే ఉంటాయి. ఊరు అలవాటయ్యాక మనవాళ్ళను రమ్మని పిలవొచ్చు, వాళ్ళతో కలిసి ఆ ఊరి తిండి తినొచ్చు, పాట వినొచ్చు. ఎన్ని స్టేట్లు తిరిగామన్న లెక్క నాకు దీని ముందు చిన్నదిగా కనిపిస్తుంది.

ఊరికి ఒక వారం ఉంటుంది

న్యూ ఆర్లీన్స్ సంగతే చెప్తాను, ఎక్కువగా ఉన్నది అక్కడే కాబట్టి. మేం బండి ఊళ్ళోకి తీసుకెళ్ళం. ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేట సందుల్లో ఆ సైజు బండికి పనే లేదు. మిసిసిపీకి ఇవతలి గట్టున వెస్ట్‌వీగో అనే చిన్న ఊళ్ళో బయూ సెగ్నెట్ స్టేట్ పార్క్ ఉంది. సైట్ దగ్గరే కరెంటు, నీళ్ళు ఉంటాయి. అక్కడ గడువు అయిపోతే పాంచర్ట్రెయిన్ సరస్సు అవతలి ఒడ్డున, మాండవిల్ దగ్గరున్న ఫాంటెన్‌బ్లో స్టేట్ పార్క్‌కు మారతాం. మధ్యలో దాదాపు 24 మైళ్ళ పొడవున సరస్సు మీదే వంతెన. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఆర్వీతో దాని మీదికి వెళ్ళకుండా మర్నాటిదాకా ఆగుతాం.

బండి వెనక కట్టుకొచ్చిన చిన్న కారును అల్జీర్స్ పాయింట్ దగ్గర వదిలేసి ఫెర్రీ ఎక్కుతాం. 1827 నుంచి నడుస్తున్న రేవు అది. రెండు డాలర్లు ఇస్తే ఐదారు నిమిషాల్లో నది దాటించి కెనాల్ స్ట్రీట్ చివర దింపుతుంది. ఇక అక్కడి నుంచి నడక, లేదంటే స్ట్రీట్‌కార్ అనే ట్రామ్ బండి.

మొదటి మూడు రోజులు ఎవరైనా చూసేవి చూస్తారు. 1862 నాటి కఫే డు మాండ్‌లో చికొరీ కలిపిన కాఫీ, నూనెలో వేయించి పంచదార పొడి గుట్టగా పోసిన బెన్యేలు, 1835 నుంచి నడుస్తున్న సెయింట్ చార్ల్స్ స్ట్రీట్‌కార్, జాక్సన్ స్క్వేర్. ఇవి టూరిస్టుల కోసమేనని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. బెన్యే నిజంగా బాగుంటుంది. ఓక్ చెట్ల కింద ఆ స్ట్రీట్‌కార్ కిటికీ పక్కన కూర్చుని వెళ్ళడం నిజంగా హాయిగా ఉంటుంది.

కానీ ఏ ఊరికైనా తనదైన వారం ఒకటి ఉంటుంది. ఏ రోజు ఏం వండుకుంటారు, ఏ రాత్రి ఎవరు ఎక్కడ వాయిస్తారు, ఆదివారం జనం ఎటు పోతారు అన్నది మూడు రాత్రుల్లో అంతుపట్టదు. న్యూ ఆర్లీన్స్‌లో సోమవారం అంటే రెడ్ బీన్స్, అన్నం. ఒకప్పుడు సోమవారం బట్టలు ఉతికే రోజు. ఆదివారం భోజనంలో మిగిలిన హ్యామ్ ఎముక వేసి బీన్స్ పొయ్యి మీద పెట్టేస్తే, ఉతుకుడు పూర్తయ్యేదాకా వాటి మానాన అవి ఉడికేవి. వాషింగ్ మెషీన్లు వచ్చి తరాలు గడిచినా సోమవారం మాత్రం మారలేదు. హోటళ్ళలో ఆ రోజు స్పెషల్ అదే. కొన్ని మ్యూజిక్ బార్లలో సోమవారం రాత్రి బ్యాండు వాయిస్తుంటే ఒక మూల పెద్ద గిన్నెలో రెడ్ బీన్స్ పెట్టి ఉంటుంది, వచ్చినవాళ్ళు వడ్డించుకుని తింటారు. ఇక్కడే 1901లో పుట్టిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఉత్తరాల చివర "రెడ్ బీన్స్ అండ్ రైస్‌లీ యువర్స్" అని సంతకం పెట్టేవాడు. ప్రపంచమంతా తిరిగిన మనిషి మనసులో సోమవారం ఎంత పదిలంగా ఉండిందో చూడండి!

పొద్దున కాఫీ పెట్టుకుంటూ 90.7 ఎఫ్ఎమ్, డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ రేడియో పెడతాం. ఆ రోజు ఊళ్ళో ఎవరు ఎక్కడ వాయిస్తున్నారో అందులో చదివి వినిపిస్తారు. మొదటి వారంలో ఆ పేర్లు వట్టి పేర్లు. మూడో వారానికి వచ్చేసరికి "ఆ ట్రాంబోన్ ఆవిడ గురువారం మళ్ళీ ఉందిట" అని మా ఆయనే నాకు చెప్పడం మొదలుపెడతారు. అడవి మనిషి ఆయన, గుర్తుంచుకోండి.

వదినకు పెట్టిన సోమవారం

ఇక మనవాళ్ళను పిలవడం ఎందుకు? ఇద్దరమే ఉన్నప్పుడు ఒక గిన్నె గంబో, అంటే అక్కడి చిక్కటి పులుసు, తిని, బాగుందనుకుని, ఫెర్రీ ఎక్కి వచ్చేస్తాం. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరికి నచ్చేది ఇంకొకరికి తెలుసు, అడగాల్సిన పనే ఉండదు. కొత్త మనిషి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే అన్నీ మళ్ళీ అడగాల్సి వస్తుంది, చెప్పాల్సి వస్తుంది. చెప్పేటప్పుడు మనకూ ఇంకోసారి రుచి తెలుస్తుంది.

మొన్న చలికాలం చివర్లో మా అన్నయ్య, వదిన కాకినాడ నుంచి హ్యూస్టన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు ఐ-10 మీద దాదాపు 350 మైళ్ళు. మా మేనకోడలు వాళ్ళను తీసుకొచ్చి, రెండు రోజులు ఉండి, వాళ్ళను మా దగ్గర వదిలేసి వెళ్ళింది. అన్నయ్య జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాడు, ఏది పెట్టినా తింటాడు. వదిన మాంసం మానేసి చాలా ఏళ్ళయింది.

శాకాహారులకు న్యూ ఆర్లీన్స్ కష్టమైన ఊరు, ఉన్నమాట చెప్పాలి. బీన్స్‌లో సాసేజ్ ఉంటుంది, ఆకుకూరలో హ్యామ్ ముక్క ఉంటుంది, గంబోలో ఏముంటుందో వండినవాళ్ళకే తెలియాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారం నాడు రకరకాల ఆకుకూరలు వేసి చేసే గంబో జెర్బ్ అనేది ఒకటుంది. పేరు విని వదినకు పెట్టొచ్చని ఆశపడ్డాను. 1941లో మొదలైన డూకీ చేజ్ రెస్టారెంట్‌లో లియా చేజ్ గారు ఏళ్ళ తరబడి వండి ప్రసిద్ధి చేసిన ఆ గంబోలో ఆకుకూరలతో పాటు మాంసాలూ దండిగానే ఉంటాయి.

ఇదే ఎదురువాదం అవుతుంది, నాకు తెలుసు. తినలేని ఊరికి చుట్టాన్ని పిలిచి ఏం లాభం? మూడు రోజుల హోటల్ ట్రిప్పు అయితే నిజంగా లాభం లేదు. వదిన బెన్యేలు, పెకాన్ ప్రలీన్లు, ఫ్రెంచ్ ఫ్రైస్ తిని, ఊరు బాగుందని మర్యాదకు అని వెళ్ళిపోయేది. కానీ మాకు వంటిల్లు ఉంది. సోమవారం కోసం ఆదివారం రాత్రే బీన్స్ నానబోశాను. 1923లో ఈ ఊళ్ళో మొదలైన కెమీలియా కంపెనీ ప్యాకెట్, అక్కడివాళ్ళు వేరేది కొనరు. ఆర్వీలో గంటల తరబడి గ్యాస్ మీద ఉడికిస్తే లోపల ఉండలేం. అందుకని బయట పిక్నిక్ బల్ల మీద కరెంటు పొయ్యి పెట్టుకున్నాను. ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికమ్ సన్నగా తరిగి నూనెలో బాగా మగ్గించి, బీన్స్, బిర్యానీ ఆకు వేసి సన్న సెగ మీద వదిలేశాను. వదిన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. సగం ఉడికాక గరిటెతో కొన్ని బీన్స్‌ను గిన్నె అంచుకేసి మెదిపితే పులుసు చిక్కబడుతుంది. ఆ పని తనే అడిగి చేసింది.

పొగ వాసన కోసం స్మోక్‌డ్ పాప్రికా వేశాను. వదిన రుచి చూసి, "ఏదో తక్కువైంది కానీ ఏదో తెలీట్లేదు. ఇంగువ ఉందా?" అంది. మా బండిలో ఇంగువ లేకపోవడమా! రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి చిన్న పోపు పెట్టింది. ఇది రెడ్ బీన్స్ కాదని ఆ ఊరివాళ్ళు అనొచ్చు. వీకెండ్‌కు వచ్చి సోమవారం దాకా ఉండిపోయిన చాల్మెట్ ఊరి పెద్దాయన ఒకరు వాసనకు కుర్చీలోంచి లేచి వచ్చారు. చిన్న గిన్నెలో పెట్టి ఇస్తే నిలబడే తిన్నారు. సాసేజ్ లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందని అడిగి, ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. అయినా రెండోసారి పెట్టించుకున్నారు. తర్వాత వాళ్ళమ్మ సోమవారాలు ఎలా గడిచేవో, ఎంతమంది పిల్లలకు ఒకే గిన్నె సరిపెట్టేదో చాలాసేపు చెప్పారు. ఆయన చెప్పింది అన్నయ్య నాకంటే శ్రద్ధగా విన్నాడు. వదిన ఒక్క రెస్టారెంట్‌లోనూ పూర్తి భోజనం చేయలేదు, కానీ ఊరి సోమవారం ఆవిడకు దొరికింది.

చుట్టాలకు హోటలా?

ఆర్వీ పెట్టుకున్న తెలుగువాళ్ళందరికీ ఈ చిక్కు ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని హోటల్లో పెట్టడమంటే మనకు ప్రాణం మీదికి వస్తుంది. అందులోనూ తోడబుట్టినవాడు, సముద్రాలు దాటి వచ్చాడు.

కానీ లెక్క చూడండి. బయూ సెగ్నెట్‌లో సైట్ దగ్గర డ్రైనేజీ కనెక్షన్ ఉండదు. వాడిన నీళ్ళన్నీ బండి కింద గ్రే ట్యాంకులో చేరతాయి, టాయిలెట్‌వి బ్లాక్ ట్యాంకులో. ఇద్దరం పొదుపుగా వాడుకుంటే రోజులు గడుస్తాయి. నలుగురు స్నానాలు చేసి, పప్పు గిన్నెలు, పెరుగు గిన్నెలు కడిగితే మర్నాటికే గోడ మీది ప్యానెల్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు జాక్‌లు ఎత్తి, బయటికి జరిపిన గది భాగాన్ని (స్లైడ్) లోపలికి లాగి, వైర్లు పీకి, అల్మారాల్లో సామాను కదలకుండా సర్ది, బండిని డంప్ స్టేషన్‌కు తీసుకెళ్ళి ఖాళీ చేసి, మళ్ళీ వచ్చి అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి. చుట్టాలు ఉన్నన్నాళ్ళూ ఇదే పని. పైగా డైనింగ్ బల్ల మడిచి చేసే మంచం మీద మోకాళ్ళ నొప్పులున్న వదిన పడుకోవాలి, రాత్రి లేస్తే ఆ ఇరుకు మెట్టు దిగాలి.

మా ఆయన ముందే బావగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. "మీ ఇల్లుండగా హోటలేంటి బావగారూ" అని ఒక్క మాట అన్నాడు. నాకు ఆ మాట గుచ్చుకుంది. అయినా పార్కుకు దగ్గర్లో గది తీసుకున్నాం, డబ్బు మేమే కట్టాం. పొద్దున ఎనిమిదికల్లా కారు పంపించి తెచ్చుకునేవాళ్ళం. ఇడ్లీ మా దగ్గర, రాత్రి పెరుగన్నం మా దగ్గర. పడుకోవడానికి మాత్రమే గది. నాలుగో రోజుకు వదినే, "అక్కడ వేణ్ణీళ్ళు ఎంతసేపైనా వస్తాయమ్మాయ్, హాయిగా ఉంది" అంది. ఆతిథ్యం అంటే మనం పెట్టే అన్నం, గడిపే పొద్దు. మంచం ఎవరిదైతేనేం అని నేను గట్టిగానే వాదిస్తాను. మన ఇంట్లో నేల మీద బొంతలేసి పదిమందిని పడుకోబెట్టిన రోజుల పద్ధతి ఆరు అడుగుల వెడల్పు నడవాలో జరగదు. జరపాలని చూస్తే చుట్టాలూ సుఖపడరు, మనమూ సుఖపడం, చివరికి ఎవర్నీ పిలవడం మానేస్తాం. అలా మానేసినవాళ్ళు నాకు తెలుసు.

వీధిలో బ్యాండు

సంగీతం విషయంలోనూ పెద్దవయసు చుట్టాలతో వెళ్ళేవాళ్ళకు ఒక అనుమానం ఉంటుంది. అర్ధరాత్రి దాకా బార్లలో ఎక్కడ కూర్చుంటాం అని. సెయింట్ పీటర్ స్ట్రీట్‌లో 1961 నుంచి ఉన్న ప్రిజర్వేషన్ హాల్ ఈ అనుమానానికి మంచి జవాబు. రంగు వెలిసిన చిన్న గది. బల్లలు, నేల మీద దిండ్లు, వెనక నిలబడేవాళ్ళు. లోపల మందు అమ్మరు, తిండి ఉండదు, పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు. వాయించేవాళ్ళకూ మనకూ మధ్య రెండు చేతుల దూరం. ముప్పావుగంటలో ముగుస్తుంది, సాయంత్రం ఆట చూసుకుంటే తొమ్మిదికి బండి దగ్గరుంటాం. ఫ్రెంచ్‌మన్ స్ట్రీట్‌లో చాలా చోట్ల టికెట్ ఉండదు, మధ్యలో బకెట్ తిప్పుతారు. సోడా ఒక్కటే తాగినా ఫరవాలేదు, బకెట్‌లో మాత్రం ధారాళంగా వేయాలి. బ్యాండు వాళ్ళ ఇల్లు గడిచేది దానితోనే. మనవాళ్ళు కొందరు ఆ బకెట్ రాగానే ఫోన్లో మొహం దూరుస్తారు, నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ట్రెమే పేటలోని కాంగో స్క్వేర్‌కు కూడా వెళ్ళాం. బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఆదివారాలు ఇక్కడ చేరి డోళ్ళు వాయించేవారు, ఆడేవారు, సరుకులు అమ్ముకునేవారు. గంబోలో బెండకాయ ఆఫ్రికా నుంచి వచ్చింది, చిక్కదనానికి చల్లే సాసఫ్రాస్ ఆకు పొడి చాక్టా ఆదివాసుల నుంచి వచ్చింది, పిండిని నూనెలో ఎర్రగా వేయించే పద్ధతి ఫ్రెంచివాళ్ళది. అన్నయ్య ఆ రాళ్ళు పరిచిన నేల మీద నిలబడి, "ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి చెప్పాను, ఇన్నాళ్ళకు తొక్కాను" అన్నాడు.

కానీ నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తర్వాతి ఆదివారం. ఎండాకాలం తప్ప దాదాపు ప్రతి ఆదివారం ఊళ్ళో ఎక్కడో ఒక చోట సెకండ్ లైన్ ఊరేగింపు ఉంటుంది. నల్లజాతివారి సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్బులు నడుపుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు తమను దగ్గరికి రానివ్వని కాలంలో చందాలు వేసుకుని ఒకరి వైద్యానికి, ఒకరి అంత్యక్రియలకు ఒకరు ఆసరాగా నిలిచిన సంఘాలవి. ఒకే రంగు సూట్లు, ఈకల విసనకర్రలు పట్టుకుని క్లబ్బు వాళ్ళు, బ్యాండు ముందు నడుస్తారు, ఊరివాళ్ళంతా వెనక చేరి ఆడుతూ వస్తారు. టూబా అనే పెద్ద బాకా మోత కడుపులో వినిపిస్తుంది. పక్కన నడుస్తున్న ఒకాయన అన్నయ్యకు చెప్పాడు, తమ దగ్గర వాయిద్యకారులు పోయినా, పెద్దవాళ్ళు పోయినా ఇలాగే బ్యాండుతో సాగనంపుతారని. శ్మశానం దాకా నెమ్మదిగా ఏడుపు పాట, ఆ తర్వాత ఆడుకునే పాట.

అన్నయ్య నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. "నాన్నను తీసుకెళ్ళిన రోజు కూడా డప్పులు ఇలాగే మోగాయి. చెరువు గట్టు దాకా. చిన్నోడు ఒకడు ముందు చేతులెత్తి ఆడాడు, నేను వద్దనలేదు" అన్నాడు. నాన్న పోయిన ఆ రోజు నేను ఇక్కడ అమెరికాలో ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాను, అందుకోలేకపోయాను. ఎన్నేళ్ళుగానో వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటున్నాం, ఆ రోజు సంగతులు ఒక్కసారి కూడా ఇంత వివరంగా అనుకోలేదు. ఫోన్లో ఆరోగ్యాలు, పిల్లలు, పొలం కౌలు అంతే. ఆ వీధి చివర ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని, ఎవరెవరు వచ్చారు, పాడె ఎవరు మోశారు, డప్పు వాళ్ళకు ఏం ఇచ్చారు, అమ్మ ఏం మాట్లాడింది అన్నీ చెప్పాడు. ఊరేగింపు ముందుకు వెళ్ళిపోయింది, మేం వెళ్ళలేదు.

ఇది గ్రాండ్ కాన్యన్ దగ్గర జరగదా అంటే జరగొచ్చు. కానీ కొండ మనిషిని నోరు మూయిస్తుంది. వీధిలో మోగే బ్యాండు నోరు తెరిపిస్తుంది. పెద్దవాళ్ళమయ్యాక మనకు కావలసింది చాలాసార్లు రెండోదే.

మా ఆయన అనేది

ఆయన పక్షం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయనకు టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ఇష్టం. రాత్రి చీకటి చెడకుండా చుక్కలు బాగా కనిపిస్తాయని 2012లో ఇంటర్నేషనల్ డార్క్ స్కై పార్క్‌గా గుర్తించిన చోటు. అక్కడ రాత్రి కుర్చీ వేసుకుని కూర్చుంటే చెప్పడానికి మాటలు ఉండవు, నిజమే. పైగా ఖర్చు తక్కువ. 62 దాటినవాళ్ళకు 80 డాలర్లకు జీవితాంతం చెల్లే నేషనల్ పార్క్ పాస్ ఉంటుంది, దానితో చాలా చోట్ల క్యాంపింగ్ ఫీజు కూడా సగమవుతుంది. ఊరి పక్కన ఉంటే ఫెర్రీ, రెస్టారెంట్లు, టికెట్లు, బకెట్లు, చుట్టాల హోటల్. మార్డి గ్రా, జాజ్ ఫెస్ట్ రోజుల్లో ప్రైవేట్ ఆర్వీ పార్కుల రేట్లు ఆకాశానికి అంటుతాయి. డబ్బు విషయంలో ఆయనదే పైచేయి, ఒప్పుకుంటాను. అందుకే మేం ఆ పెద్ద పండగల వారాలు వదిలేస్తాం. ఏప్రిల్‌లో వచ్చే ఫ్రెంచ్ క్వార్టర్ ఫెస్ట్ 1984 నుంచి ఉచితంగా జరుగుతోంది, అది చాలు.

భద్రత సంగతి ఇంకా బరువైనది. 2025 జనవరి 1 తెల్లవారుజామున ఫ్రెంచ్ క్వార్టర్‌లోని బర్బన్ స్ట్రీట్‌లో ఒకడు జనం మీదికి ట్రక్కు తోలి 14 మందిని చంపాడు. మేనకోడలు వాళ్ళ అమ్మానాన్నలను తీసుకొచ్చే ముందు ఆ సంగతే నన్ను అడిగింది. భయపడొద్దని చెప్పే హక్కు నాకు లేదు. మేం చేసేది చెప్పాను. పగలు ఎక్కువ తిరుగుతాం, రాత్రి పదిలోపు ఇవతలి గట్టుకు వచ్చేస్తాం, బర్బన్ స్ట్రీట్‌లో నిలబడం. అంతకుమించి గ్యారంటీ ఎవరిస్తారు? ఇక అరవై అయిదు దాటాక భద్రత అంటే ఆసుపత్రి కూడా. బిగ్ బెండ్ పార్కు నుంచి దగ్గరి ఆసుపత్రి ఆల్పైన్‌లో, దాదాపు 100 మైళ్ళు. గుండె మందులు వేసుకునే మనిషితో ఆ ఎడారిలో కూర్చున్న రాత్రి నాకు చుక్కల కంటే ఆ మైళ్ళే ఎక్కువ కనిపించాయి.

ఆయన అడిగినవాటిలో నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఒకటుంది. "మనలాంటివాళ్ళు నెలల తరబడి వచ్చి కూర్చుంటే ఆ ఊరివాళ్ళకు ఏమవుతుంది?" 2005లో కట్రినా తుఫాను తర్వాత నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేకపోయారు. వాయించేవాళ్ళ కోసం నైన్త్ వార్డ్‌లో మ్యుజీషియన్స్ విలేజ్ అని ఇళ్ళు కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ట్రెమే, మారిన్యీ పేటల్లో ఇల్లు తర్వాత ఇల్లు టూరిస్టులకు రోజువారీ అద్దెకు పోయింది. సిటీ కౌన్సిల్ 2019లో నిబంధనలు గట్టి చేసినా ఆ తగువు తేలలేదు. ట్రంపెట్ వాయించేవాడు ఉండాల్సిన ఇంట్లో మనం సూట్‌కేసు దింపి, సాయంత్రం ఆ ట్రంపెట్ వినడానికి వెళ్తే అది న్యాయం కాదు. మా ఇల్లు మేం తెచ్చుకుని స్టేట్ పార్కులో పెట్టుకుంటే ఎవరి గుమ్మమూ ఆక్రమించినట్టు కాదు కదా అన్నాను. గ్యాలన్‌కు ఎనిమిదో పదో మైళ్ళు ఇచ్చే బండి పొగ సంగతేమిటి అని ఆయన అన్నారు. ఆ పొగ నడిపితేనే వస్తుంది, మూడు రాత్రులకోసారి కదిపితే ఇంకా ఎక్కువ వస్తుంది. ఈ మాట దగ్గర మాత్రం ఆయన తల ఊపారు.

ఆయనకు కంటి శుక్లాల ఆపరేషన్ డేటు దగ్గర పడింది. ఒక కన్ను అయ్యాక రెండోది. అది అయ్యేదాకా, అయ్యాక కూడా, దూరాలు తగ్గించుకోవాలని ఇద్దరం అనుకున్నాం. రోజుకు 300 మైళ్ళు మాకిప్పుడు ఎక్కువే. ఈ చలికాలానికి కుదిరిన ఒప్పందం ఇదీ: ముందు బిగ్ బెండ్‌లో ఆయనకు ఇష్టమైనన్ని రాత్రులు, మేమిద్దరమే. అక్కడి నుంచి ఆగుతూ ఆగుతూ లూసియానాలోని లాఫయెట్ దగ్గరికి వచ్చి మార్చి దాకా బండి కదపం. దాని దగ్గర యూనిస్ అనే ఊళ్ళో శనివారం పొద్దున అకార్డియన్లు తయారుచేసి అమ్మే షాపులో ఊరివాళ్ళు చేరి వాయించుకుంటారు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఈసారి చుట్టాల వంతు ఆయన చెల్లెలిదీ, ఆవిడ భర్తదీ. సైట్ ఇప్పటికే బుక్ చేశాను. వాళ్ళ గది కూడా.